నొప్పికీ ఒక లెక్క ఉంది: కోజికోడ్‌లో రెండు రోజులు

కోజికోడ్‌లో మిఠాయి వీధి అని ఒకటుంది. అక్కడివాళ్లు మిఠాయి తెరువు అంటారు. బోర్డుల మీద ఎస్.ఎమ్. స్ట్రీట్ అని ఉంటుంది. ఎరుపు, పచ్చ, నలుపు రంగుల్లో హల్వాని ఇటుకల్లా పేర్చి అమ్ముతుంటారు. అర కిలో నల్ల హల్వా కట్టించుకుని డబ్బులిస్తుంటే గల్లాపెట్టె పక్కన ఒక చిన్న డబ్బా కనిపించింది. పైన చీలిక. లోపల చిల్లర, పది రూపాయల నోట్లు.

"ఇది ఏ గుడిది?" అని నా ఫ్రెండ్‌ని అడిగా.

"గుడిది కాదు. పాలియేటివ్‌ది" అంది.

నేను నర్సుని. ఊరు నెల్లూరు. పాలియేటివ్ కేర్ అంటే ఏంటో పరీక్షలో అయిదు మార్కులకి రాసినదాన్నే. జబ్బు నయం కాకపోయినా మనిషి నొప్పిని, ఆయాసాన్ని, భయాన్ని తగ్గించే వైద్యం అది. కానీ ఆ మాటని హల్వా కొట్టులో వినడం అదే మొదటిసారి. షాపాయన కూడా అదేదో మామూలు విషయంలా తలూపి, నేనిచ్చిన చిల్లర ఆ డబ్బాలో వేయించాడు.

నిజానికి నేను వెళ్లింది పెళ్లికి. బెంగళూరులో నర్సింగ్ చదివేటప్పుడు నాలుగేళ్లు ఒకే రూమ్‌లో ఉన్న అమ్మాయి పెళ్లి. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి, రాత్రి మంగళూరు మెయిల్ ఎక్కితే, తెల్లారకముందే పాలక్కాడ్ దగ్గర పడమటి కనుమల సందు దాటేస్తాం. షొర్నూరు దాటాక భారతప్పుళ నది చాలాసేపు రైలు పక్కనే వస్తుంది. సెప్టెంబర్ కదా, ఇసుక మేటల మధ్య నీళ్లు బాగానే ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చుని ఫొటోలు తీసుకున్నా, స్టేటస్ పెట్టుకున్నా.

పెళ్లి అయింది, సద్య తిన్నాం. తర్వాత రెండు రోజులు ఖాళీ. వాళ్లక్క అక్కడ హోమ్ కేర్ నర్సు. "నాతో వస్తావా? బీచ్ ఎక్కడికీ పోదు, సాయంత్రం చూడొచ్చు" అంది. నేను ఆవిణ్ని చేచ్చి అనే పిలుస్తా. మలయాళంలో అక్క అని.

సరే అన్నా. ఎందుకు సరే అన్నానో చెప్పాలంటే ఏడాదిన్నర వెనక్కి వెళ్లాలి.

పదకొండో బెడ్

అప్పుడు నేను చేస్తున్న ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. మేల్ వార్డు, నైట్ డ్యూటీ, నలభై మందికి ఇద్దరం. పదకొండో బెడ్‌లో ఒక తాత. నోటి క్యాన్సర్ దవడ ఎముకలోకి పాకింది. రాత్రి పదింటికి వేసిన ఇంజెక్షన్ రెండింటికల్లా పనిచేయడం ఆగిపోయేది. తర్వాతది పొద్దున ఆరింటికి. మధ్యలో నాలుగ్గంటలు ఆయన మంచం రాడ్ పట్టుకుని కూర్చుని ఊగేవాడు.

"తల్లీ, ఒక్క సూది వెయ్యి తల్లీ."

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశా. నిద్రలో ఎత్తారు. "ఆయనకి అలవాటైపోయింది సిస్టర్. రెండు ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్ చేసెయ్, పడుకుంటాడు."

చేశా. డిస్టిల్డ్ వాటర్ కండలోకి ఇస్తే మంట పుడుతుంది. ఆ మంటని కూడా ఆయన మందే అనుకున్నాడు. చార్ట్‌లో ఏం రాయాలో తెలియక సీనియర్‌ని అడిగితే, "రోజూ ఇచ్చే ఇంజెక్షన్ పేరే రాసెయ్" అంది. రాసి సంతకం పెట్టా. తాత నా చెయ్యి పట్టుకుని "నీ కడుపు చల్లగుండ" అన్నాడు. ఓ అరగంట పడుకున్నాడు కూడా.

పొద్దున రౌండ్స్‌లో అదే జోకైంది. "చూశారా, నీళ్లకే తగ్గింది. అంటే అంత నొప్పేం లేదు." డోసు పెంచలేదు. తొమ్మిదో రోజు ఆయన పోయాడు. ఆ తొమ్మిది రాత్రుల్లో నాలుగు నావే.

ఇది ఎవరికీ చెప్పలేదు. హోమ్ కేర్ వ్యాన్ ఎక్కేటప్పుడు నా మనసులో ఉంది ఇదే.

గుమ్మం దగ్గర ప్రశ్న

వ్యాన్‌లో నలుగురం. చేచ్చి, డ్రైవర్, ఒక వాలంటీర్, నేను. వాలంటీర్ అంటే రిటైరైన స్కూల్ మాస్టారు. వారానికి రెండు రోజులు వస్తారట.

కోజికోడ్‌లో ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. 1993లో ఇక్కడి మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ లాంటివాళ్లు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. తర్వాత ఇదే క్యాంపస్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలియేటివ్ మెడిసిన్ వచ్చింది. పక్కనున్న మలప్పురం జిల్లాలో ఊళ్లవాళ్లే ట్రైనింగ్ తీసుకుని, చందాలు వేసుకుని, తమ వీధిలో పేషెంట్లని తామే చూసుకోవడం మొదలుపెట్టారు. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కి ప్రత్యేక పాలసీ తెచ్చింది. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ఇప్పుడు పంచాయతీల తరఫున కూడా నర్సులు ఇళ్లకు వెళ్తారు. హల్వా కొట్టులో డబ్బా వెనక ఇంత కథ ఉంది.

మొదటి ఇంటి దగ్గర చేచ్చి నన్ను బయటే ఆపింది. లోపలికి వెళ్లి, రెండు నిమిషాలాగి పిలిచింది. ప్రతి ఇంట్లోనూ అంతే. "ఆంధ్రా నుంచి ఒక నర్సు వచ్చింది, చూడొచ్చా?" అని పేషెంట్‌నే అడుగుతుంది, ఇంట్లోవాళ్లని కాదు. ఒక ఇంట్లో ఒకావిడ వద్దన్నారు. నేను వ్యాన్‌లోనే కూర్చున్నా. మన వార్డుల్లో పేషెంట్ దుప్పటి తీసేముందు ఎన్నిసార్లు అడిగానో లెక్కేసుకుంటూ కూర్చున్నా. ఆ ఇళ్ల గుర్తులు పట్టకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చి రాస్తున్నా.

రూపాయిలో ఎంత?

బేపూర్ వైపు ఒక ఇల్లు. అక్కడ ఉరు అనే పెద్ద చెక్క ఓడలు కడతారు. అలాంటి యార్డులోనే జీవితమంతా పనిచేసిన పెద్దాయన. క్యాన్సర్ వెన్నెముకకి వచ్చింది.

మేం వార్డుల్లో నొప్పిని సున్నా నుంచి పది వరకు అడుగుతాం. సున్నా అంటే అసలు లేదు, పది అంటే భరించలేనంత. చేచ్చి అలా అడగలేదు. "పూర్తి నొప్పి ఒక రూపాయి అనుకో ఇక్కా, ఇప్పుడెంత ఉంది?" అంది. ఆయన కాసేపు ఆలోచించి ముప్పావలా అన్నాడు. రాత్రయితే రూపాయి నిండుతుందట.

అమెరికాలో మార్గో మెక్‌కాఫరీ అనే నర్సు 1968లోనే ఒక మాట చెప్పింది. నొప్పి ఎంత, ఎక్కడ అనేది పేషెంట్ చెప్పిందే ప్రమాణం అని. పుస్తకంలో చదివి అండర్‌లైన్ కూడా చేశా. అది ముప్పావలా రూపంలో వస్తుందని తెలియదు.

ఆయనకి మార్ఫిన్ మాత్రలు నడుస్తున్నాయి. పది మిల్లీగ్రాములు, నాలుగ్గంటలకొకటి. రాత్రి పడుకునేముందు రెండు, మధ్యలో లేవక్కర్లేకుండా. నొప్పి వచ్చాక మందు కాదు, రాకముందే గడియారం చూసి మందు. ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసినవాళ్లలో ముఖ్యురాలు ఇంగ్లండ్‌కి చెందిన సిసిలీ సాండర్స్. మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కర్, చివరికి డాక్టర్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టింది. మా తాత విషయంలో జరిగింది సరిగ్గా దీనికి ఉల్టా. నాలుగ్గంటల్లో అయిపోయే మందుని ఎనిమిది గంటలకి ఒకసారి ఇచ్చి, మధ్యలో ఆయన అడిగితే అలవాటు అన్నాం.

చేచ్చి పుస్తకం చూసింది. నిన్నటి నుంచి మధ్యలో మూడుసార్లు అదనపు మాత్ర వేసుకున్నాడు. విరేచనం సరిగ్గా అవుతోందా అని అడిగింది. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, అందుకే దానికి మందు పక్కనే ఇస్తారు. మత్తుగా ఉంటోందా, ఊపిరి ఎలా ఉంది, అన్నీ చూసి డాక్టర్‌కి ఫోన్ చేసింది. డోసు ఒకటిన్నర మాత్రకి పెంచమన్నారు. టైము, డోసు, డాక్టర్ పేరు అక్కడికక్కడే రాసింది. సాయంత్రం ఆయన సంతకం చేస్తారు.

వ్యాన్‌లో అడిగా. "ఎంత పెంచాలో నీకు ముందే తెలుసు కదా చేచ్చీ?"

"పద్నాలుగేళ్లుగా చేస్తున్నా. తెలుసు. కానీ రాసే హక్కు నాకు లేదు."

మన దేశంలో నర్సు మార్ఫిన్ ప్రిస్క్రైబ్ చేయకూడదు. ఉగాండాలో 2004 నుంచి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ రాయొచ్చు. డాక్టర్లు అందని ఊళ్ల కోసం అక్కడ చట్టమే మార్చారు. ఇక్కడ ఆ వీల్లేదు. "అలా అని చేతులు కట్టుకుని ఉండమని కూడా ఎవరూ చెప్పలేదు. నొప్పి చూడటం, రాయడం, డాక్టర్‌కి చెప్పడం, వినకపోతే మళ్లీ చెప్పడం. ఇవి నా పనే. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు" అంది.

ఒక చట్టం, ఒక భయం

మార్ఫిన్ అంటే మన ఆసుపత్రుల్లో ఎందుకంత వణుకో తెలియాలంటే 1985కి వెళ్లాలి. ఆ ఏడాది మాదకద్రవ్యాలని అరికట్టడానికి ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. వైద్యం కోసం, శాస్త్రీయ అవసరాల కోసం వాడుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. కానీ శిక్షలు చాలా కఠినం. దానికి తోడు ఒక్కో రాష్ట్రం ఒక్కో రూల్ పెట్టింది. మార్ఫిన్ తెప్పించాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు అయిపోయేది. ఈ గోల ఎందుకని చాలా ఆసుపత్రులు తెప్పించడమే మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద ఏడాదికి వాడిన మార్ఫిన్ 18 కిలోలకి పడిపోయింది.

తమాషా ఏంటంటే, చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశాల్లో మనది ముఖ్యమైనది. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్, నీమచ్ వైపు, రాజస్థాన్‌లో చిత్తోర్‌గఢ్ వైపు రైతులు కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేసి, కాయకి గాటు పెట్టి పాలు తీస్తారు. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. ఎక్కడో విదేశాల్లో పేషెంట్లకి పనికొచ్చిన నల్లమందు మన పక్క బెడ్ దాకా రాలేదు.

కోర్టుల్లో కేసులు పడ్డాయి. పాలియేటివ్ కేర్ డాక్టర్లు ఏళ్ల తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. చివరికి 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఆ నెల మనందరికీ గుర్తే. మన టీవీలన్నీ రాష్ట్ర విభజన బిల్లు మీదే ఉన్నాయి. అదే సమావేశాల్లో, ఆ గొడవ మధ్యే, ఈ సవరణ కూడా పాసైంది. మనం చూడలేదంతే.

సవరణతో 'అత్యవసర మత్తుమందులు' అని కొత్త జాబితా వచ్చింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సీకోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్. ఈ ఆరింటికి దేశమంతా ఒకే రూల్. నాలుగైదు శాఖలు కాదు, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటి చాలు. ఆసుపత్రిలో శిక్షణ పొందిన డాక్టర్ ఉండాలి, వచ్చింది ఎంత, ఇచ్చింది ఎంత అని లెక్క పక్కాగా ఉండాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, తెలంగాణ జిల్లాల్లో వచ్చిన పాలియేటివ్ సెంటర్లు ఇలాంటి లెక్కతోనే పనిచేస్తున్నాయి.

"కానీ చట్టం మారినంత తొందరగా భయం మారదు మోళే" అంది చేచ్చి. మోళే అంటే అమ్మాయీ అని. "ఆ భయానికి జైలు పేరు పెడతారు. అసలు బద్ధకం రిజిస్టర్ రాయడానికి."

కొడుకు ఉన్న ఇల్లు

సాయంత్రం వెళ్లిన ఇంట్లో ఒక ఉమ్మ. అంటే అమ్మ. రొమ్ము క్యాన్సర్ పుండైంది. డ్రెస్సింగ్ మార్చేముందు అరగంట ఆగాం, ముందు ఇచ్చిన మాత్ర పనిచేయాలని. ఆ అరగంట కూర్చోవడం కూడా ట్రీట్‌మెంటే అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఇంట్లో మందు ఇవ్వాల్సింది ఇరవై నాలుగేళ్ల కొడుకు. అతనికి మత్తు అలవాటుంది. వీధిలో అందరికీ తెలుసు.

నేనైతే ఏం చేసేదాన్ని? మార్ఫిన్ ఇంట్లో పెట్టొద్దు అని రాసేసి నా చేతులు దులుపుకునేదాన్ని. రేపు మాత్రలు మాయమైతే ఎవరు సమాధానం చెప్పాలి?

చేచ్చి ఉమ్మని ఒంటరిగా అడిగింది. కొడుకు పేరు ఎత్తకుండా, "మాత్రలు ఎవరి దగ్గర ఉంటే నీకు ధైర్యం?" అని. ఉమ్మ కాసేపు గోడవైపు చూసి, పక్కింట్లో ఉండే చెల్లెలి పేరు చెప్పింది. చెల్లెల్ని పిలిపించారు. పది రోజులకి బదులు మూడు రోజుల మాత్రలే. తాళం ఉన్న డబ్బా. ప్రతిసారీ లెక్క, ఖాళీ స్ట్రిప్పులు కూడా దాచాలి. వాలంటీర్ మాస్టారు ఇవేవీ విననట్టు బయట చెట్టు కింద కొడుకుతో ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతున్నారు. ఆ ఇంటి పరువు వీధిలోకి రాకుండా చూడటం కూడా ఆయన పనే.

"అతని అలవాటుకి ఆమె శిక్ష అనుభవించకూడదు కదా" అంది చేచ్చి వ్యాన్ ఎక్కాక. "అలా అని కళ్లు మూసుకునీ ఇవ్వకూడదు."

మీలో చాలామందికి ఇక్కడ ఒక డౌట్ వచ్చి ఉంటుంది. అమెరికాలో ఇలాంటి మాత్రలతోనే కదా లక్షలమంది పాడైపోయారు, వెబ్ సిరీస్‌లు కూడా వచ్చాయి కదా అని. నిజమే. అక్కడ ఆక్సీకాంటిన్ అమ్మిన పర్డ్యూ కంపెనీ తన అమ్మకాల తీరు మీద 2007లో ఒకసారి, 2020లో మరోసారి కోర్టులో నేరం ఒప్పుకుంది. లాభం కోసం అవసరం లేనివాళ్లకి కూడా కుమ్మరించారు. మన దగ్గర అవసరమైనవాళ్లకి కూడా ఇవ్వలేదు. ఒకచోట లెక్క లేకుండా ఇవ్వడం, ఇంకోచోట లెక్క రాయాల్సి వస్తుందని ఇవ్వకపోవడం. నాకైతే రెండూ ఒకే తప్పులా అనిపించాయి. ఇంకో మాట. రోజూ మార్ఫిన్ వాడే శరీరం దానికి అలవాటు పడుతుంది, అందుకే ఒక్కసారిగా ఆపరు. అది వ్యసనం కాదు. నొప్పి ఉన్న మనిషి గడియారం చూసి మందు అడిగితే, మందు సరిపోవడం లేదని అర్థం కావచ్చు.

ఇరవై మూడు మాత్రలు

రెండో రోజు మొదటి ఇల్లు పేషెంట్ లేని ఇల్లు. ఆయన నాలుగు రోజుల కిందట పోయారు. పోయాక కూడా ఒకసారి వెళ్తారట.

కూతురు ఒక హార్లిక్స్ సీసా తెచ్చింది. లోపల మిగిలిన మాత్రలు. చేచ్చి బల్ల మీద న్యూస్ పేపర్ పరిచి లెక్కపెట్టింది. ఇరవై మూడు. పుస్తకంలో ఉండాల్సిన లెక్కా అంతే. రాసింది, కూతురితో సంతకం పెట్టించింది, తనూ పెట్టింది. అవి వెనక్కి వెళ్లిపోతాయి.

అంతా అయ్యాక టీ ఇచ్చి, ఆ అమ్మాయి నిలబడే అడిగింది. "ఆ రాత్రి ఆఖరి మాత్ర నేనే వేశాను. పొద్దున్నే పోయారు. దాని వల్లేనా?"

చేచ్చి వెంటనే కాదనలేదు. పుస్తకం తెరిచి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, మూడు వారాలుగా ఇదే డోసు. ఇదిగో, ఆ ముందురోజు నేనొచ్చినప్పుడు ఊపిరి నిమిషానికి పదహారు. పిలిస్తే పలికారు. నువ్వు వేసింది రోజూ వేసేదే. జబ్బు తీసుకెళ్లింది. నువ్వు నొప్పి లేకుండా చేశావ్."

ఆ అమ్మాయి ఆ పేజీని చాలాసేపు చూసింది.

చట్టమైనా, నర్సింగ్ నీతి అయినా ఈ విషయంలో అడిగేది రెండే. ఎందుకిచ్చావ్? ఎంతిచ్చావ్? నొప్పి తగ్గించడానికి, తగ్గేంత మేరకే, చూసుకుంటూ ఇచ్చిన మందు చంపడానికి ఇచ్చినట్టు కాదు. కానీ ఆ మాట నోటితో చెబితే కూతురు నమ్మేదా? రాసి ఉంది కాబట్టి నమ్మింది. అప్పటిదాకా రిజిస్టర్ అంటే నన్ను పట్టించేది అనుకున్నా. ఆ ఇంట్లో అది ఒక కూతురికి నిద్ర పట్టించేదైంది.

నాకు మాత్రం కడుపులో తిప్పినట్టయింది. ఆమె ఇచ్చింది మందు, అయినా నాలుగు రోజులుగా నిద్రలేదు. నేనిచ్చింది నీళ్లు. మందని రాసి ఇంటికెళ్లి పడుకున్నా.

బీచ్‌లో సులేమానీ

ఆ సాయంత్రం బీచ్‌కి వెళ్లాం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన పాత వంతెన స్తంభాలు, గాలిపటాలు ఎగరేసే పిల్లలు, వేయించిన కల్లుమ్మక్కాయ వాసన. చేచ్చి రెండు సులేమానీలు తెచ్చింది. పాలు లేని టీ, నిమ్మరసం పిండి ఇస్తారు.

అక్కడ చెప్పా. పదకొండో బెడ్, డిస్టిల్డ్ వాటర్, చార్ట్, తొమ్మిది రోజులు. అంతా.

చేచ్చి నన్ను ఓదార్చలేదు. "ఆయనకి తగ్గిందా?" అంది.

"అరగంట పడుకున్నాడు."

"దాంతో నొప్పి లేదని తేల్చారు."

"అవును."

"నీళ్లకి తగ్గితే నొప్పి అబద్ధమని కాదు మోళే. నమ్మకానికి కూడా ఒళ్లు కాసేపు ఊరట పడుతుంది. నిజమైన నొప్పికే. అది ఆయన నటన కాదు, నీ మీద నమ్మకం."

సముద్రం వైపు చూస్తూ ఉండిపోయా. కాసేపాగి ఆమే అంది. "డాక్టర్ చెప్పారు అన్నది సగం జవాబే. సూది నీ చేతిలో ఉంది, సంతకం నీది. తప్పు ఆర్డర్ అనిపిస్తే చెయ్యనని చెప్పొచ్చు. ఎందుకు చెయ్యలేదో రాయొచ్చు. ఇంకోటి కూడా. నువ్వు రెండు తప్పులు చేశావ్. నీళ్లివ్వడం ఒకటి. మందని రాయడం రెండోది. రెండోదే పెద్దది. ఎందుకంటే తర్వాతొచ్చిన డాక్టర్ ఆ చార్ట్ చూసి, మందు పడుతోంది కదా అనుకుంటాడు. నీ అబద్ధం ఆయన ట్రీట్‌మెంట్ అయిపోయింది."

ప్రపంచ నర్సుల సంఘం నియమావళిలో నర్సుకి నాలుగు పనులున్నాయి. ఆరోగ్యం పెంచడం, జబ్బు రాకుండా చూడటం, వస్తే కోలుకునేలా చేయడం, బాధ తగ్గించడం. మేం కాలేజీలో కొవ్వొత్తులు పట్టుకుని ప్రమాణం చేసినప్పుడు అందరి ఫొటోలూ బాగా వచ్చాయి. నాలుగో పని మాత్రం అందరం డాక్టర్‌దే అనుకున్నాం.

"ఇప్పుడేం చెయ్యను?" అన్నా.

"ఆయనకి ఏమీ చెయ్యలేవు" అంది. గ్లాసులు తిరిగిచ్చేసి వచ్చింది. "పన్నెండో బెడ్‌కి చెయ్యి."

రెండుంపావు

నెల్లూరు వచ్చి నెల దాటింది. ఇప్పుడు వేరే ఆసుపత్రి, మళ్లీ నైట్ డ్యూటీ. మొన్నొక రాత్రి తొడ ఎముక క్యాన్సర్ పేషెంట్ ఒకాయన పిలిచాడు. మా నాయన వయసు. "రూపాయిలో ఎంత అన్నా?" అని అడిగా. వింతగా చూసి, "రూపాయి అయిపోయింది సిస్టర్, ఇప్పుడు అప్పు చేస్తున్నా" అన్నాడు.

కేస్ షీట్‌లో రాశా. రెండుంపావు, నొప్పి పదికి పది, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను.

అటు నుంచి అదే నిద్ర గొంతు, మనిషి వేరు. అదే మాట. "డిస్టిల్డ్ వాటర్ చేసి చూడు సిస్టర్."

నా గొంతు వణికిందని ఒప్పుకుంటా. "సర్, అది నేను ఇవ్వను. మీరొచ్చి ఇవ్వాలనుకుంటే, డిస్టిల్డ్ వాటర్ అనే ఆర్డర్ రాయండి. ఏది ఇస్తే అదే పేరు చార్ట్‌లో ఉంటుంది."

లైన్‌లో కాసేపు ఏమీ వినపడలేదు. ఫ్యాన్ చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత ఆయన పేషెంట్ బరువు అడిగారు, ఇంతకుముందు ఏం ఇచ్చారో అడిగారు, బీపీ, ఊపిరి ఎంతో అడిగారు. పది నిమిషాల్లో మెట్లు దిగి వచ్చారు. సరైన మందు రాశారు. నాతో మాట్లాడలేదు. మర్నాడు ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను పిలిచి, "ఎందుకమ్మా గొడవలు" అంది. ఇంకా ఏమవుతుందో చూడాలి.

మూడింటికి వెళ్లి చూశా. ఆయన మెలకువగానే ఉన్నాడు, కానీ ఊగడం లేదు. "ఇప్పుడెంత అన్నా?"

"పావలా."

మూడు గంటలు, పావలా అని రాయబోయి, కొట్టేసి, పదికి రెండు అని రాశా. కింద సంతకం పెట్టా.